కాగితపు భవనంలో పరాయి భాష: ఉమ్మడి కళాసృజనతో భాషాబోధన

పారిస్ నగరంలో ఎక్కడా లేని ఒక అపార్ట్‌మెంట్ భవనాన్ని తరగతి విద్యార్థులంతా కలిసి గోడమీద నిర్మిస్తారు. దానికి ఎన్ని అంతస్తులు ఉండాలి, లిఫ్ట్ ఉండాలా వద్దా, మూడో అంతస్తులో ఎవరు నివసించాలి, ఆమెకూ కింది అంతస్తు పెద్దమనిషికీ మాటలు ఎందుకు లేవు అన్నవి వారే నిర్ణయిస్తారు. బొమ్మలు గీస్తారు, ఉత్తరాలు రాస్తారు, తగవులు పెడతారు, తీరుస్తారు. వీలైనంత వరకు ఇదంతా ఫ్రెంచి భాషలోనే సాగాలి. కొన్ని వారాలు గడిచేసరికి గోడమీద భవనం పూర్తవుతుంది. దానిని కట్టడానికి అవసరమైన ఫ్రెంచి విద్యార్థుల నోటికి వస్తుంది.

బొమ్మ, కథ, నాటిక, పుస్తకం వంటి ఒక కళాఖండాన్ని పలువురు కలిసి తయారుచేస్తూ ఆ క్రమంలోనే పరాయి భాషను అలవరచుకొనే ఈ పద్ధతి కొత్తది కాదు. ఫ్రాన్స్‌లో దీని ప్రయోగాలు 1970వ దశకంలోనే మొదలయ్యాయి. జాతీయ విద్యావిధానం–2020 కళను అన్ని పాఠ్యాంశాలతో జోడించాలని సూచించడంతో భారతదేశంలోనూ దీనిపై ఆసక్తి పెరిగింది. అయితే రంగు కాగితాలు, జిగురు, కత్తెర తరగతిలోకి వచ్చినంత మాత్రాన భాష వెంట రాదు. ఏ పనిలో భాష తప్పనిసరి అవుతుంది, ఏ పనిలో అది అలంకారంగా మిగిలిపోతుంది అన్న తేడాను గుర్తించడంలోనే ఈ పద్ధతి జయాపజయాలు ఉన్నాయి.

పాఠ్యపుస్తకానికి బదులు ఒక భవనం

విదేశీయులకు ఫ్రెంచి బోధించే విధానాలపై పనిచేసే 'బెల్క్' అనే సంస్థ అప్పట్లో పారిస్‌లో ఉండేది. దానికి సారథ్యం వహించిన ఫ్రాన్సిస్ దెబిజేర్ 1973లో 'ల ఫ్రాన్సే దాం ల మోంద్' పత్రికలో పాఠ్యపుస్తకపు మరణాన్ని గురించి ఒక వ్యాసం ప్రకటించారు. ఏ ఒక్క బోధనా పద్ధతీ, ఏ ఒక్క వాచకమూ అందరికీ సరిపడదన్నది అందులోని వాదన. పుస్తకం పోతే దాని స్థానంలో ఏమి ఉండాలన్న ప్రశ్నకు ఆయన, సహచరుడు జాన్-మార్క్ కారే, మరికొందరు కలిసి వెతికిన సమాధానమే 'సిముల్యాసియోం గ్లోబాల్'. తెలుగులో దీనిని 'సమగ్ర కల్పన' అనవచ్చు. తరగతి అంతా కలిసి ఒక ద్వీపాన్నో, పల్లెనో, సర్కస్ బృందాన్నో, భవనాన్నో సృష్టించి, అందులోని మనుషులుగా కొంతకాలం జీవించడం దీని సారం. వీటిలో అన్నింటికంటె ప్రసిద్ధమైన 'లిమ్మబ్ల్' 1986లో అషెత్ ప్రచురణగా వెలువడింది. ఆ మాటకు బహుళ అంతస్తుల నివాస భవనం అని అర్థం.

భవనం అన్న ఆలోచన వెనుక ఒక నవల ఉన్నది. ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ 1978లో ప్రచురించిన 'లా వీ మోద్ దాంప్లువా' పారిస్‌లోని ఒకే ఒక భవనపు కథ. 99 అధ్యాయాల ఆ గ్రంథంలో ఒక్కొక్క గదిలోకి వెళ్లి, అక్కడి వస్తువులను, మనుషులను, వారి గతాలను రచయిత వర్ణిస్తారు. చదరంగంలో గుర్రం నడిచినట్లు ఒక గది నుంచి మరో గదికి కథ కదులుతుంది. కఠినమైన నియమాలు పెట్టుకొని రాస్తేనే కల్పన విచ్చుకుంటుందని నమ్మే 'ఊలిపో' బృందంలో పెరెక్ సభ్యుడు. దెబిజేర్ ఈ నమ్మకాన్ని తరగతి గదికి తెచ్చారు. 'మీకు నచ్చినది రాయండి' అంటే విద్యార్థి కలం కదలదు. 'నాలుగో అంతస్తు ఎడమవైపు ఇంట్లో 71 ఏళ్ల వితంతువు ఉన్నది, ఆమె బల్లమీద మూడు వస్తువులు ఉన్నాయి, అవి ఏమిటి' అంటే కలం కదులుతుంది.

ఆచరణలో ఈ పని మెట్టుమెట్టుగా సాగుతుంది. మొదట భవనం ఏ వీధిలో ఉన్నదో, పక్కన ఏ దుకాణాలున్నాయో తేల్చాలి. తరువాత అంతస్తుల లెక్క. ఈ విషయంలో భారతీయ విద్యార్థికి ఒక సౌలభ్యం ఉన్నది. మన దగ్గర గ్రౌండ్ ఫ్లోర్ తరువాతనే ఫస్ట్ ఫ్లోర్ వచ్చినట్లు ఫ్రాన్స్‌లోనూ నేలమట్టపు 'రే-ద-శోసే' తరువాతనే మొదటి అంతస్తు లెక్కకు వస్తుంది. ప్రవేశ ద్వారం దగ్గర కాపలా చూసే 'కొంసియెర్జ్' గది, కప్పుకింద ఒకప్పుడు పనిమనుషులకు ఇచ్చిన, ఇప్పుడు తరచుగా విద్యార్థులు అద్దెకుండే చిన్న గదులు, కొద్దిసేపటికే ఆరిపోయే మెట్లదారి దీపం వంటివన్నీ భవనంలో చేరతాయి. పారిస్ పాత భవనపు సామాజిక చరిత్ర ప్రత్యేక పాఠం అక్కరలేకుండానే ఇలా తెలిసిపోతుంది. లిఫ్ట్ లేని భవనంలో ధనవంతుణ్ణి ఆరో అంతస్తులో పెట్టిన విద్యార్థిని తోటివారే ప్రశ్నిస్తారు. అతడు సమాధానం చెప్పుకోవాలి, అదీ ఫ్రెంచిలో.

ఆ తరువాత నివాసులు వస్తారు. ప్రతి విద్యార్థీ ఒక వ్యక్తిని సృష్టించి అతని పేరు, వయసు, వృత్తి, అలవాట్లు నిర్ణయిస్తాడు. ముఖచిత్రం గీస్తాడు లేదా పత్రికల నుంచి కత్తిరించి అతికిస్తాడు. ఇల్లు ఎలా ఉన్నదో వర్ణించేటప్పుడు స్థానాన్ని తెలిపే పదాలు, విశేషణాల లింగవచనాలు అవసరమవుతాయి. ఆ వ్యక్తి గతం చెప్పేటప్పుడు ఫ్రెంచిలోని రెండు ప్రధాన భూతకాలాల మధ్య తేడా ముందుకు వస్తుంది. ఒకసారి జరిగి ముగిసిన సంఘటనకు ఒకటి, అప్పట్లో అలవాటుగా సాగిన స్థితికి మరొకటి. వ్యాకరణ పట్టికలో నెలల తరబడి తికమకపెట్టే ఈ తేడా, 'ఆమె ఆ ఇంట్లో పియానో వాయిస్తుండేది, ఒక రోజు మానేసింది' అనే వాక్యం అవసరమైనప్పుడు ఎక్కువ స్పష్టంగా అర్థమవుతుంది. ఎందుకు మానేసిందో తరగతిలో ఎవరికో ఒకరికి తెలియాలి మరి.

సంబోధన కూడా ఇక్కడే తేలుతుంది. ఫ్రెంచిలో చనువుకు 'త్యూ', మర్యాదకు 'వూ' ఉన్నాయి. నువ్వు, మీరు అన్న తేడాతో పెరిగిన తెలుగు విద్యార్థికి ఇది తేలికగా పట్టుబడుతుంది. చిక్కు మరోచోట వస్తుంది. మన అపార్ట్‌మెంట్‌లో పక్కింటి ఆవిడ ఆంటీ, పై అంతస్తు పెద్దాయన అంకుల్ లేదా తాతగారు. ఫ్రెంచి భవనంలో ఈ బంధుత్వపు పిలుపులకు చోటు లేదు. మెట్లమీద ఎదురైన పొరుగామెను 'మదామ్' అని, 'వూ' అని పలకరించాలి. తెలుగు వరుసలను ఫ్రెంచిలోకి తెచ్చిపెట్టే పొరపాటు రాత పరీక్షలో సాధారణంగా కనిపించదు. కాగితపు భవనపు మెట్లమీద మాత్రం కనిపిస్తుంది, అక్కడికక్కడే సర్దుబాటు అవుతుంది.

చివరి దశలో సంఘటనలు జరుగుతాయి. దొంగతనం, పెళ్లి, నీటి పైపు పగలడం, ఒక్కోసారి హత్య కూడా. నోటీసు బోర్డుమీద హెచ్చరికలు, తలుపు కింద నుంచి తోసిన చీటీలు, పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలాలు, పత్రికలో వచ్చిన వార్త పుడతాయి. ఒకే సంఘటనకు అన్ని రచనా రూపాలు కావలసి వస్తాయి. భవనం అందరిదీ కాబట్టి ఒకరు రాసినదానికి మరొకరు కట్టుబడాలి. రెండో అంతస్తులోని కుక్క చనిపోయిందని సోమవారం ఒకరు రాస్తే బుధవారం దాని మొరుగుడుపై మరొకరు ఫిర్యాదు చేయడానికి వీలు లేదు. అందువల్ల ప్రతివారూ మిగిలినవారి రాతలు చదవక తప్పదు. తరగతిలో ఒకరి రచనను మరొకరు నిజంగా చదివే సందర్భాలు ఎంత అరుదో ఉపాధ్యాయులకు తెలుసు.

తెలియని సంగతి ఉంటేనే మాట పుడుతుంది

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందన్న ప్రశ్నకు ఒక ముఖ్యమైన ఆధారం దక్షిణ భారతదేశంలోనే లభిస్తుంది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో బెంగళూరు, మద్రాసు తదితర ప్రాంతాల పాఠశాలల్లో ఇంగ్లీషు బోధనపై ఒక ప్రయోగం జరిగింది. ప్రపంచవ్యాప్తంగా దానిని 'బెంగళూరు ప్రాజెక్టు' అని పిలుస్తారు. వ్యాకరణ పాఠాలను పక్కనపెట్టి రైళ్ల వేళల పట్టికలు, పటాలు, దూరాల లెక్కలు వంటి పనులు పిల్లలకు ఇచ్చారు. పనిమీద దృష్టి నిలిచినప్పుడు భాష దానంతట అది మనసులో కుదురుకుంటుందన్నది మూల భావన. ఆ అనుభవాన్ని ప్రభు 1987లో 'సెకండ్ లాంగ్వేజ్ పెడగాజీ' అనే గ్రంథంగా వెలువరించారు.

పనులను ప్రభు మూడు రకాలుగా విభజించారు. ఒకరికి తెలిసిన సమాచారం మరొకరికి తెలియకపోవడం మొదటి రకం. ఇచ్చిన వివరాల నుంచి తర్కంతో కొత్త విషయాన్ని రాబట్టడం రెండోది. అభిప్రాయం, ఇష్టాయిష్టాలు చెప్పడం మూడోది. మూడింటిలోనూ ఏదో ఒక ఖాళీ ఉంటుంది, దానిని పూడ్చడానికి మాట కావాలి. ఉమ్మడి కళాసృజనలో ఈ మూడూ కలుస్తాయి. పక్క బృందం గీసిన గదిలో కిటికీ ఎటు ఉన్నదో తెలియదు, అది సమాచారపు ఖాళీ. ఆ కిటికీ లోంచి దొంగ దూరగలడా అన్నది తర్కం. తెర నీలమా ఎరుపా అన్నది అభిరుచి.

ప్రభు పేరు చెప్పుకొని ఈ పద్ధతిని సమర్థించేవారు సాధారణంగా దాటవేసే విషయం ఒకటున్నది. అభిప్రాయాలు చెప్పే పనులు ప్రారంభ దశ విద్యార్థులకు అంతగా తగవని ఆయన భావించారు. సరైన సమాధానమంటూ లేనిచోట కొత్తగా నేర్చుకొనేవారు తడబడతారు, తమకు వచ్చిన నాలుగు మాటలతో సరిపెట్టుకుంటారు. బృందాలుగా పనిచేయించడం పట్లా ఆయనకు సందేహాలుండేవి. అందరూ నేర్చుకొనేవారే అయినప్పుడు ఒకరి తప్పులు మరొకరికి అలవాటవుతాయన్నది ఆ సందేహం. కళ పేరుతో తరగతిని నాలుగు గుంపులుగా విడగొట్టి చేతులు దులుపుకొనే ఉపాధ్యాయుడికి ఇది గట్టి అభ్యంతరమే. దెబిజేర్ పెట్టిన కఠిన నియమాలు మొదటి సందేహానికి కొంత సమాధానం చెబుతాయి. అంతస్తుల సంఖ్య, నివాసుల వయసు, వృత్తి చీటీలు తీసి నిర్ణయిస్తే అభిప్రాయం తర్కంగా మారుతుంది. రెండో సందేహానికి సమాధానం కెనడా నుంచి వచ్చింది.

అలారం గడియారాన్ని ఏమంటారు?

కెనడాలో ఇంగ్లీషు మాతృభాషగా గల పిల్లలకు పాఠ్యాంశాలను ఫ్రెంచిలో బోధించే 'ఇమ్మర్షన్' తరగతులు 1960వ దశకం నుంచి ఉన్నాయి. ఆ పిల్లలు ఫ్రెంచిని చక్కగా అర్థం చేసుకుంటారు, కాని మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు ఏళ్ల తరువాత కూడా తప్పులు పోవడం లేదని పరిశోధకులు గమనించారు. టొరంటోకు చెందిన మెరిల్ స్వెయిన్ దీనికి కారణం వెతికి, వినడం, చదవడం మాత్రమే చాలవని 1985లో ప్రతిపాదించారు. తన మాటను ఎదుటివాడికి అర్థమయ్యేలా నిర్మించే ప్రయత్నంలోనే విద్యార్థికి తనకు ఏది రాదో తెలుస్తుందని ఆమె వాదన.

షారన్ లాప్‌కిన్‌తో కలిసి ఆమె 1998లో ప్రచురించిన అధ్యయనం ఉమ్మడి సృజనకు సంబంధించి తరచుగా ఉదహరించేది. ఎనిమిదో తరగతి విద్యార్థులు ఇద్దరికి ఒక కథ తాలూకు ఎనిమిది బొమ్మలను చెరి నాలుగుగా పంచారు. ఒకరి బొమ్మలు మరొకరు చూడకూడదు. ఇద్దరూ వంతులవారీగా చెప్పుకొని కథను కూర్చి, తరువాత కలిసి రాయాలి. కథలో అలారం గడియారం ఉన్నది. దానిని ఫ్రెంచిలో ఏమనాలన్న దగ్గర వారు ఆగారు. ఒకరు ఒక మాట అన్నారు, మరొకరు సందేహించారు, ఇద్దరూ ఊహించి చూశారు, పరీక్షించారు, తేల్చుకున్నారు. ఈ తర్జనభర్జనలోనే నేర్చుకోవడం జరుగుతున్నదని పరిశోధకులు చూపారు. రాయవలసిన కాగితం ఒక్కటే కావడం వల్ల ఇద్దరూ ఒకే మాట దగ్గరకు చేరక తప్పలేదు. ఎవరి కాగితం వారికే ఉంటే ఎవరికి తోచిన మాట వారు రాసుకొని ముందుకు పోయేవారు.

భారతీయ పాఠశాలలు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి మరొకటి ఇదే పరిశోధన పరంపరలో ఉన్నది. ఇలాంటి పనుల్లో పిల్లలు మాతృభాషను ఎంతగా వాడుతున్నారో 2000లో స్వెయిన్, లాప్‌కిన్ లెక్కించారు. వారి మాటల్లో సుమారు నాలుగో వంతు ఇంగ్లీషులోనే సాగింది. అందులో పనితో సంబంధం లేని కబుర్లు కొద్దిపాటి మాత్రమే. మిగిలినదంతా పనిని పంచుకోవడానికి, పదాలు వెతకడానికి, వ్యాకరణాన్ని చర్చించడానికి ఉపయోగపడింది. తరగతిలో తెలుగు మాట వినిపిస్తే జరిమానా వేసే పాఠశాలలకు ఈ ఫలితం మింగుడుపడదు.

ముగ్గురు బాలికల రెండు భాషల పుస్తకం

మాతృభాషను దాచుకోకుండా బల్లమీద పెట్టినప్పుడు ఏమి జరుగుతుందో టొరంటో సమీపంలోని ఒక పాఠశాల చూపింది. పాకిస్థాన్ నుంచి వలస వెళ్లిన ముగ్గురు ఏడో తరగతి బాలికలు కలిసి ఇంగ్లీషు, ఉర్దూ భాషల్లో సుమారు 20 పుటల బొమ్మల పుస్తకం తయారుచేశారు. పేరు 'ది న్యూ కంట్రీ'. సొంత దేశాన్ని వదలి కొత్త దేశానికి రావడంలోని కష్టం అందులోని విషయం. ఇద్దరికి అప్పటికే ఇంగ్లీషు బాగా వచ్చు. మూడో బాలిక కెనడాకు వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఇంగ్లీషు మాత్రమే చెల్లే తరగతిలో ఆమె ఒక మూల మౌనంగా కూర్చోవలసిందే. ఇక్కడ చర్చ ఉర్దూలో జరిగింది, చిత్తుప్రతి ఇంగ్లీషులో రూపుదిద్దుకున్నది, రెండు భాషల మధ్య మాటలు అటూ ఇటూ తిరిగాయి. తాను అనుభవించిన వలసను గురించి చెప్పడానికి అందరికంటె ఎక్కువ సరుకు ఉన్నది ఆమె దగ్గరనే. ఆమె కథ పుస్తకంలోకి వచ్చింది, దానితోపాటు ఆమె రచయిత్రి అయింది.

విద్యావేత్త జిమ్ కమిన్స్ ఇలాంటి కృతులను 'ఐడెంటిటీ టెక్స్ట్' అన్నారు. విద్యార్థి తన గుర్తింపును పెట్టుబడిగా పెట్టి తయారుచేసే రచన, చిత్రం, నాటకం, సంగీతం ఏదైనా ఈ కోవలోకి వస్తుంది. మార్గరెట్ ఎర్లీతో కలిసి ఆయన 2011లో ఈ అంశంపై ఒక సంకలనం వెలువరించారు. దక్షిణాసియాలో ఈ ఉదాహరణకు విలువ ఎక్కువ. ఇక్కడ కోట్లాది పిల్లలకు బడి భాష ఇంటి భాష కాదు. ఆదిలాబాద్ గోండు బాలికకు తెలుగు, హైదరాబాద్‌లో పనికి వచ్చిన ఒడియా కార్మికుడి కొడుకుకు తెలుగు, ఇంగ్లీషు రెండూ, మొదటి రోజున పరాయి భాషలే.

నాటకం విషయం కొంత భిన్నం. బ్రిటన్‌కు చెందిన డొరొతీ హీత్‌కోట్ అభివృద్ధి చేసిన విధానంలో ప్రేక్షకులు ఉండరు, ముందుగా రాసిన సంభాషణలు ఉండవు, ఉపాధ్యాయుడు కూడా ఒక పాత్రగా కథలో దిగుతాడు. దీనిని రెండో భాష బోధనకు అన్వయిస్తూ షిన్-మే కావో, సిసిలీ ఓనీల్ 1998లో 'వర్డ్స్ ఇన్‌టు వరల్డ్స్' రాశారు. వార్షికోత్సవానికి కంఠస్థం చేయించే నాటికలకూ దీనికీ పోలిక లేదు. కంఠపాఠం ఉచ్చారణకు మేలు చేస్తుంది. సొంత వాక్యం కట్టే అవసరాన్ని మాత్రం అది తొలగిస్తుంది.

ఛార్టుమీద ఆగిపోయే భాష

కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి (సీబీఎస్‌ఈ) 2020–21లో 1 నుంచి 10వ తరగతి వరకు కళాసమ్మిళిత ప్రాజెక్టు పనిని తప్పనిసరి చేసింది. 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కార్యక్రమంలో జతగా నిర్ణయించిన రాష్ట్రపు కళను అందులో ఉపయోగించాలని సూచించింది. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హరియాణా జత రాష్ట్రాలు. ఇదే కాలంలో కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్ భాషలను మాధ్యమిక స్థాయిలో అందించవచ్చని జాతీయ విద్యావిధానం పేర్కొన్నది. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో చిన్న చిన్న వాక్యాలను పరిచయం చేసే 'భాషా సంగమ్' కూడా అమలులోకి వచ్చింది. కాగితంమీద చూస్తే కళకూ భాషకూ ముడిపెట్టడానికి ఇంతకంటె అనుకూల వాతావరణం ఉండదు.

ఇళ్లలో కనిపించే దృశ్యం వేరు. ఆదివారం సాయంత్రం స్టేషనరీ దుకాణంలో ఛార్టు, థర్మాకోల్, స్కెచ్ పెన్నులు కొనడం, రాత్రి అమ్మ లేదా అక్క ఫుల్కారీ పూలు గీసిపెట్టడం, ఇంటర్నెట్ నుంచి తీసిన నాలుగు వాక్యాలు కింద అతికించడం, సోమవారం పిల్లవాడు వాటిని అప్పజెప్పడం చాలా కుటుంబాలకు పరిచితమే. ఇందులో కళ ఉన్నది, భాషా ఉన్నది. రెండూ ఒకదానికొకటి అక్కరలేకుండా పక్కపక్కన ఉన్నాయి. పని ఇంటికి వెళ్లడంతో ఉమ్మడితనం పోయింది. దానితో మాట్లాడవలసిన అవసరమూ పోయింది.

ఇదే ప్రాజెక్టును మరోలా మలచవచ్చు. హరియాణాలోని ఒక తరగతి తెలంగాణ చేర్యాల చిత్రాన్ని తీసుకున్నదనుకుందాం. ఎర్రని నేపథ్యంమీద గడులు గడులుగా కథను చిత్రించే ఈ పొడవైన పటాన్ని విప్పుతూ కథకులు గ్రామాల్లో పురాణాలు, కులగాథలు గానం చేసేవారు. బొమ్మా మాటా విడదీయరాని కళ ఇది. పటాన్ని పది గడులుగా విభజించి ఒక్కొక్క బృందానికి ఒక గడి ఇస్తే చాలు, అవసరం పుడుతుంది. మూడో గడిలో కథానాయిక చీర పసుపుపచ్చగా ఉంటే నాలుగో గడిలోనూ అలాగే ఉండాలి. నాలుగో బృందం వెళ్లి అడగాలి. ఒకరి కాగితం మరొకరు చూడకూడదన్న ఒక్క నియమం పెడితే 'చీర ఏ రంగు?', 'చేతిలో ఏమి ఉంది?', 'గుర్రం ఎటు చూస్తోంది?' అన్న తెలుగు ప్రశ్నలు తప్పనిసరి అవుతాయి. పది గడులూ పక్కపక్కన పరిచినప్పుడు గుర్రం దిక్కు మారితే తప్పు అందరికీ కనిపిస్తుంది. ఉపాధ్యాయుడు ఎర్ర సిరా వాడనక్కరలేదు.

పెద్ద తరగతులు, చిన్న పీరియడ్లు అసలైన ఇబ్బందులు. యాభై మంది ఉన్నచోట ఒక్కో అంతస్తును ఒక్కో బృందానికి అప్పగించడం మామూలు పరిష్కారం. సమయం విషయంలో నిర్దయగా ఉండక తప్పదు. నలభై నిమిషాల్లో ముప్పయి నిమిషాలు రంగులద్దడానికే పోతే అది చిత్రలేఖన పీరియడే. అనుభవం గల ఉపాధ్యాయులు తరగతిలో గీతలతో సరిపెట్టి, రంగుల పనిని బయటకు నెడతారు. నైపుణ్యం గల చిత్రకారుడు ఒక్కడే బొమ్మంతా గీసేస్తే మిగిలినవారికి మాట అవసరం ఉండదు. అందుకని గీసేవాడు ఏమి గీయాలో తాను నిర్ణయించకూడదని, మిగిలినవారు చెప్పినదే గీయాలని నియమం పెట్టడం ఒక ఉపాయం. అలాంటప్పుడు గీయడం రానివాడి మాటకు బలం వస్తుంది.

దిద్దుబాటు, మార్కులు

తప్పులను ఎప్పుడు దిద్దాలన్నది ఈ పద్ధతిలో తెగని చర్చ. మాట మధ్యలో అడ్డుపడితే కల్పన తెగిపోతుంది. అసలు దిద్దకపోతే ప్రభు భయపడినట్లు తప్పులు స్థిరపడతాయి. ప్రదర్శన ఈ చిక్కును కొంత సడలిస్తుంది. చర్చ జరుగుతున్నంతసేపు ఉపాధ్యాయుడు వింటూ రాసుకుంటాడు. నోటీసు బోర్డుమీదికో పుస్తకంలోకో వెళ్లే వాక్యం మాత్రం తుది రూపంలో నిర్దోషంగా ఉండాలి. దానిని ఇతర తరగతులు, తల్లిదండ్రులు చదువుతారు కాబట్టి దిద్దుకోవడానికి విద్యార్థికి సొంత కారణం ఉంటుంది. ఫ్రాన్స్‌లో సెలెస్తాం ఫ్రెనే 1924లో తన పల్లె బడిలోకి అచ్చుయంత్రం తెచ్చినప్పుడు గమనించినదీ ఇటువంటిదే. అచ్చయి మరో ఊరి పిల్లలకు వెళ్లే వాక్యాన్ని పిల్లలు జాగ్రత్తగా చూసుకున్నారు.

మార్కుల దగ్గర తల్లిదండ్రులకు న్యాయమైన అనుమానం ఉన్నది. అందరూ చేసిన బొమ్మకు అందరికీ ఒకే మార్కు వేస్తే పనిచేయనివాడు లాభపడతాడు, చేసినవాడు నష్టపోతాడు. బొమ్మ అందానికి మార్కు వేస్తే భాష వెనకబడుతుంది. దీనికి కొందరు ఉపాధ్యాయులు పాటించే మార్గం సరళమైనది. భవనం పూర్తయ్యాక ప్రతి విద్యార్థీ విడిగా వచ్చి పరీక్షకుణ్ణి దానిలోకి తీసుకువెళ్లాలి. అయితే తన అంతస్తుకు కాదు, చీటీలో వచ్చిన మరొకరి అంతస్తుకు. అక్కడ ఎవరుంటారో, వారి మధ్య ఏమి జరిగిందో ఆ భాషలో చెప్పాలి, అడిగిన ప్రశ్నలకు జవాబివ్వాలి. నాలుగో అంతస్తు వితంతువు పియానో ఎందుకు మానేసిందో ఆమెను సృష్టించిన విద్యార్థి కాకుండా కిందింటి కుక్కను సృష్టించిన విద్యార్థి చెప్పవలసి వస్తుంది. చెప్పగలిగితే అతడు నెలరోజులుగా తోటివారి మాట విన్నాడన్న మాట.